ఈనిన గేదె మళ్లీ ఎప్పుడు చూడి కడుతుంది?

(పాడి రైతుల మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల ధర గురించి, వెన్న శాతం గురించి, కౌలు రైతు అప్పు గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటున్నాం. ఈరోజు నాకు అప్పగించిన అంశం వేరు. ఈనిన గేదె మళ్లీ సకాలంలో ఎదకు ఎందుకు రావడం లేదు, వచ్చినా చూడి ఎందుకు నిలవడం లేదు అన్నది. ఇది డాక్టర్లు చెప్పాల్సిన మాట కదా, సంఘం వేదిక మీద ఎందుకు అని ఇద్దరు ముగ్గురు అడిగారు. డాక్టరు చెప్పేది డాక్టరు చెబుతారు. కానీ గేదె కట్టకపోతే నష్టపోయేది మనం. ఆ నష్టం ఏ లెక్కల్లోకీ రాదు. వరి మునిగితే ఎన్యూమరేషన్ అంటారు, ఎకరాకి ఇంత అంటారు. గేదె ఏడాది పాటు వట్టిగా కొట్టంలో నిలబడితే ఎవరూ వచ్చి రాసుకోరు. అందుకే ఇది సంఘం మాట్లాడాల్సిన విషయమే.

2019 పశుగణన ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో గేదె జాతి పశువులు సుమారు 62 లక్షలు, తెలంగాణలో 42 లక్షలు. సెంటు భూమి లేని కుటుంబాలు, కౌలు చేసేవాళ్లు కూడా ఒకటి రెండు గేదెల మీద ఇల్లు నడుపుతున్నారు. పంట డబ్బు ఆరు నెలలకి ఒకసారి వస్తుంది, అదీ వస్తే. పాల డబ్బు పది పదిహేను రోజులకి వస్తుంది. కిరాణా కొట్టు బాకీ, పిల్లల బస్సు చార్జీ, ఆస్పత్రి ఖర్చు దాంట్లోనే.

ముందు ఒక లెక్క

గేదె చూడి మోసేది సుమారు 310 రోజులు, అంటే పది నెలల పది రోజులు. ఆవుకి 280 రోజులు, తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. ఆవు ఏడాదికి ఒక ఈత, గేదె పదమూడు పద్నాలుగు నెలలకి ఒక ఈత ఈనాలంటే, ఈనిన మూడు నెలల్లోపు ఆవు, మూడు నాలుగు నెలల్లోపు గేదె మళ్లీ చూడి కట్టాలి. ఇది చేతివేళ్ల మీద చేసుకునే లెక్కే.

ఒక గేదె అక్టోబరు 1న ఈనిందనుకుందాం. డిసెంబరు ఆఖరుకి చూడి కట్టిందంటే వచ్చే నవంబరు మొదటి వారంలో ఈనుతుంది. ఈతకీ ఈతకీ మధ్య పదమూడు నెలలు. జూలై దాకా పాలిచ్చి, ఆగస్టులో వట్టిపోయి, రెండు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని మళ్లీ పాలకి వస్తుంది.

అదే గేదె డిసెంబరు, జనవరి, ఫిబ్రవరిలో వచ్చిన ఎదలు మనం చూడకుండా దాటిపోయాయనుకుందాం. మార్చి వచ్చాక ఎండలు ముదురుతాయి, ఎద మూగబోతుంది. మళ్లీ సెప్టెంబరు ఇరవైకి కట్టిందంటే ఈనేది ఆ పై ఏడాది జూలై ఆఖరున. అక్టోబరు నుంచి లెక్కేస్తే ఇరవై రెండు నెలలు. తొమ్మిది నెలలు గాలికి పోయాయి. పాలు ఆగస్టులోనే తగ్గిపోతాయి. మధ్యలో కాస్త కాస్త పిండుకున్నా అది దాని మేతకే చాలదు. గడ్డి, తవుడు, చాకిరీ కలిపి రోజుకి 120 రూపాయలే వేసుకోండి. 270 రోజులకి 32,400 రూపాయలు. ఇందులో రావాల్సిన పాలు లెక్క కట్టలేదు. పుట్టాల్సిన దూడని లెక్క కట్టలేదు. ఇక్కడ గేదెకి జబ్బు చేయలేదు, చచ్చిపోలేదు. కొన్ని ఎదలు తప్పాయి, అంతే.

ఇంకా మేపలేక మంచి ముర్రా గేదెని కూడా సగం ధరకి బేరగాడికి తోలేస్తున్నాం. "కట్టని గేదె" అని పేరు పడితే బేరం ఆడే హక్కు కూడా మనకి ఉండదు.

ఈనాక గర్భసంచిలో ఏం జరుగుతుంది?

దూడ బయటికి వచ్చిన రోజు గర్భసంచి పెద్ద గోతం అంత ఉంటుంది. అది మళ్లీ ముడుచుకుని మామూలు స్థితికి రావడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. ఈలోపు మైల బయటికి పోతూ ఉంటుంది. మొదట్లో ఎర్రగా, తర్వాత పలచబడి, రెండు మూడు వారాలకి ఆగిపోవాలి. ఈలోపలే అండాశయాలు మెల్లగా పని మొదలెడతాయి. మొదటిసారి అండం విడుదలైనప్పుడు చాలా పశువులకి పైకి ఎద కనపడదు. ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకి ఒకసారి చొప్పున ఎద రావాలి. మొదటి నలభై అయిదు రోజుల్లో ఎద వచ్చినా సూది వేయించక్కర్లేదు, తారీఖు మాత్రం రాసుకోవాలి. రెండో నెల దాటాక వచ్చే ఎదని వదలకూడదు.

ఇదంతా సవ్యంగా జరగాలంటే నాలుగు కావాలి: ఒంట్లో సత్తువ, శుభ్రమైన గర్భసంచి, ఒంటికి చల్లదనం, ఎదని కనిపెట్టే కన్ను. ఒక్కోదాని గురించి చెబుతాను.

ఒంట్లో సత్తువ: ఈనక ముందే తేలిపోతుంది

ఈనిన నెలన్నర, రెండు నెలల నాటికి పాలు ఎక్కువగా ఉంటాయి. కానీ గేదె ఆకలి అంత తొందరగా పెరగదు. పొదుగు నుంచి పోయేదెక్కువ, నోట్లోకి వెళ్లేది తక్కువ. ఆ తేడాని గేదె తన ఒంట్లో కొవ్వు కరిగించి పూడుస్తుంది. మనింట్లో ఖర్చు ఎక్కువై రాబడి తక్కువైతే దాచుకున్న సొమ్ము తీసినట్టే. ఒళ్లు ఒక స్థాయికి మించి కరిగితే పశువు శరీరం ముందు ప్రాణం చూసుకుంటుంది, తర్వాత దూడకి పాలు చూసుకుంటుంది, ఇంకో చూడి సంగతి ఆఖరికి నెట్టేస్తుంది. అండాశయం నిద్రలోకి పోతుంది. అంటే ఎద ఆలస్యం కావడం గేదె మొండితనం కాదు, దాని ఒళ్లు చెప్పే మాట.

కాబట్టి ఈనే రోజుకి గేదె ఒంటి మీద ఎంత నిల్వ ఉందన్నదే ముఖ్యం. చూసి తెలుసుకోవచ్చు. తోక మొదట్లో లోతు గుంట పడకూడదు. తుంటి ఎముకలు మొనదేలి పొడుచుకు రాకూడదు. పక్కటెముకలు దూరం నుంచి లెక్కపెట్టేలా ఉండకూడదు. అలాగని కొవ్వు పట్టి బొద్దుగా కూడా ఉండకూడదు. అలాంటివి ఈనేటప్పుడు కష్టపడతాయి, ఈనాక మేత మానేస్తాయి. మధ్యస్తంగా ఉండాలి.

ఇక్కడే మన ఇళ్లలో తిరకాసు ఉంది. ఈనే ముందు రెండు నెలలు పాలు పిండడం ఆపి విశ్రాంతి ఇవ్వాలి. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది కూడా ఆ చివరి నెలల్లోనే. కాబట్టి ఆ రెండు నెలలూ రోజుకి కిలో నుంచి రెండు కిలోల దాణా అదనంగా పెట్టాలని పశువైద్యులు చెబుతారు. మనం చేసేదేమిటి? పాలు ఆగిన రోజే తవుడు ఆపేస్తాం. "వట్టిపోయిన గేదెకి దాణా దండగ" అంటాం. ఎందుకంటాం? తెలియక కొంత. కానీ అసలు కారణం తెలియకపోవడం కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. దాణా బస్తా కొనేది పాల బిల్లులో మినహాయింపు మీదే. పాలు ఆగితే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే దాణా ఆగుతుంది. దాణా ఆగితే గేదె చిక్కి ఈనుతుంది. చిక్కి ఈనిన గేదె ఎదకు రాదు. ఎదకు రాని గేదె వచ్చే ఏడాది పాలివ్వదు, మళ్లీ బిల్లు ఆగుతుంది. ఇదీ మనల్ని పట్టుకున్న చక్రం. దీన్ని రైతు అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లకి మనం జవాబు చెప్పాలి.

ఈనాక మేత సంగతి. ఒంటి పోషణకి కిలో, కిలోన్నర దాణా. దాని మీద గేదెకైతే ప్రతి రెండు లీటర్ల పాలకి ఒక కిలో, ఆవుకైతే రెండున్నర లీటర్లకి ఒక కిలో. ఒకేసారి పెంచొద్దు. ఈనిన రోజు నుంచి రోజుకి కొంచెం కొంచెం పెంచుకుంటూ రెండు మూడు వారాల్లో పూర్తి మోతాదుకి తీసుకురావాలి. ఎదురుగా ఎప్పుడూ నీళ్లుండాలి. పాలలో ఎక్కువ భాగం నీళ్లే కదా.

డెల్టాలో మన పశువుల ప్రధాన మేత వరిగడ్డి. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. భాస్వరం తక్కువ. కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు దాన్ని పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. ఒక్క వరిగడ్డి మీద బతికే గేదె కడుపు నిండినా ఆకలితో ఉన్నట్టే. ఎద రావడానికి, చూడి నిలవడానికి భాస్వరం, రాగి, జింకు, మాంగనీసు, అయోడిన్ లాంటివి కావాలి. అందుకే రోజుకి 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపాలి. కల్లుప్పు దీనికి బదులు కాదు. ఎద రాలేదని మూడో నెలలో మొదలెట్టడం కాదు, చూడితో ఉన్నప్పటి నుంచే పెట్టాలి.

వరిగడ్డిని కొంత మెరుగుచేసుకోవచ్చు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పరదాతో కప్పి మూడు వారాలుంచాలి. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి పెట్టాలి. మొదట్లో పశువు వాసన చూసి మూతి తిప్పుకుంటుంది, మామూలు గడ్డిలో కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. యూరియా నీళ్లు, యూరియా బస్తా పశువు మూతికి అందితే ప్రాణం పోతుంది, జాగ్రత్త. పది సెంట్లలోనైనా ఏపీబీఎన్-1, కో-4 లాంటి గడ్డి, గట్ల మీద అవిశ, సుబాబుల్ వేసుకోగలిగినవాళ్లు వేసుకోండి. సొంత గట్టు కూడా లేనివాళ్ల సంగతి చివర మాట్లాడతాను.

మాయ పడకపోతే లాగొద్దు

మామూలుగా ఈనిన ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో మాయ పడిపోతుంది. పడలేదంటే డాక్టరుకి కబురు పెట్టాలి. కొన్ని ఊళ్లలో వేలాడే మాయకి రాయి కడతారు, పాత చెప్పు కడతారు. ఇంకొందరు చెయ్యి పెట్టి లాగేస్తారు. లోపల ముక్క తెగి ఉండిపోతుంది, గర్భసంచి గోడ చీరుకుంటుంది. ఆ ముక్క కుళ్లి చీము పడుతుంది. పైకి గేదె బాగానే ఉంటుంది, పాలిస్తుంది, ఎదకు కూడా వస్తుంది. సూది వేయిస్తే నిలవదు. మూడు నాలుగు సార్లు పొర్లాక అప్పుడు "వీర్యం మంచిది కాదు" అంటాం.

ఎదలో తీగ కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, జిగటగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, అందులో తెల్లటి చీము పోగులున్నా ఆ ఎదకి సూది వేయించొద్దు. వైద్యం చేయించి తర్వాతి ఎదకి చూడాలి. ఈనే చోటు పొడిగా, శుభ్రంగా ఉంచడం, దూడ అడ్డం తిరిగితే తలా ఒక చెయ్యి వేసి లాగకుండా డాక్టర్ని పిలవడం, ఇవి ఖర్చులేని పనులు. ఫోన్ నంబరు 1962కి చేస్తే రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం సేవ ఉంది. ఈ నంబరు కొట్టం గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.

ఏడో నెల, ఎనిమిదో నెలలో ఈసుకుపోతే దాన్ని దిష్టి అని వదిలెయ్యొద్దు. బ్రూసెల్లా అనే అంటురోగం కావచ్చు. అది మనుషులకీ అంటుతుంది. విడవని జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. పడిన పిండాన్ని, మాయని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, కుక్కలకి వేయొద్దు, కాలవలో పడెయ్యొద్దు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. పాలు మరగబెట్టే తాగాలి. ఈ రోగానికి టీకా ఉంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడ దూడలకి మాత్రమే, జీవితంలో ఒక్కసారి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటుతో పాటు ఈ టీకా కూడా ఉంది. మీ ఇంట్లో ఆ వయసు పెయ్య దూడలు, పడ్డ దూడలు ఉంటే టీకా పడిందో లేదో అడగండి.

ఎండ, దూడ, పాలు

గేదె నల్లటి తోలు ఎండని పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు తక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, ఆ ఎండలో గేదె ప్రాణం నిలుపుకోవడమే గొప్ప. పైగా పగలు తగ్గి రాత్రి పెరిగే కాలంలో ఎదకు రావడం గేదె జాతి స్వభావం. అందుకే సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎదలు ఎక్కువ, మార్చి నుంచి జూన్ దాకా తక్కువ. స్వభావాన్ని మార్చలేం గానీ ఎండ దెబ్బ తగ్గించగలం. చెట్టు నీడ, కొట్టం మీద తాటాకు లేదా గడ్డి కప్పు, పగలు రెండు మూడు సార్లు ఒంటి మీద నీళ్లు, వీలైతే చెరువులో పొర్లనివ్వడం, మేత తెల్లవారుజామున, రాత్రిపూట వేయడం. రేకుల కొట్టాల కింద మధ్యాహ్నం కట్టేసిన గేదెకి ఎద రాలేదని బాధపడి లాభం లేదు.

అందుకే వానాకాలంలో, శీతాకాలంలో ఈనిన గేదెని సంక్రాంతి దాటాక చూద్దాంలే అని వదిలెయ్యకండి. ఫిబ్రవరి దాటితే సెప్టెంబరే.

దూడ విషయం. రోజంతా తల్లి దగ్గర వదిలి దూడ చీకుతూ ఉంటే తల్లికి ఎద ఆలస్యమవుతుంది. మన నాటు గేదెల్లో, ఒంగోలు ఆవుల్లో ఇది బాగా కనపడుతుంది. దానర్థం దూడని మాడ్చమని కాదు. పుట్టిన గంట రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి, రోజుకి దూడ బరువులో పదో వంతు పాలు అందాలి. పిండే వేళకి రెండు పూటలా వదలండి, మిగతా సమయం వేరే కట్టండి. మెల్లగా లేత గడ్డి, దూడల దాణా అలవాటు చేయండి. మగ దూడ అని ఎండబెట్టి చంపితే గేదె చేపదు. చేపడానికి సూదులు పొడవడం మొదలవుతుంది. పాలకోసం అలా సూదులు పొడవడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా నేరమంటుంది.

ఎదని కనిపెట్టే కన్ను

గేదెది మూగ ఎద. ఆవులా మీదెక్కదు, ఊరంతా వినపడేలా అరవదు. చాలా వరకు రాత్రి పొద్దుపోయాకో, తెల్లవారుజామునో మొదలవుతుంది. ఉన్నట్టుండి పాలు తగ్గడం, మేత సగం వదిలెయ్యడం, మాటిమాటికీ కొద్ది కొద్దిగా మూత్రం పోయడం, తోక ఎత్తి ఉంచడం, మానం వాయడం, లోపల ఎర్రబడటం, ఇవే గుర్తులు. తీగ వేలాడకపోవచ్చు. పడుకున్నప్పుడు జారి నేల మీద పడి ఉంటుంది. పేడ తీయకముందు గేదె పడుకున్న చోట నేల చూడండి.

ఇవన్నీ చూసేది ఎవరు? పాలు పిండేది, పేడ తీసేది, కుడితి పెట్టేది ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లే. శిక్షణ తరగతికి, డాక్టరు సమావేశానికి పిలిచేది మాత్రం మగవాళ్లని. ఈ పద్ధతి మారాలి. ఇక్కడున్న అక్కలకి చెబుతున్నాను: "ఇవాళ అర లీటరు తగ్గింది, ఏదో తేడాగా ఉంది" అని మీరు అన్న మాట విలువ వేల రూపాయలు. ఆ మాట విని కూడా "రేపు చూద్దాంలే" అనే మగవాళ్లు ఆ వేలు పోగొట్టుకుంటున్నారు.

ఒకప్పుడు ఊళ్లో దున్నపోతు ఉండేది. మూగ ఎదని అదే పసిగట్టేది. ఇప్పుడు చాలా ఊళ్లలో లేదు. ఉన్నచోట కూడా ఆరోగ్యం పరీక్షించకుండా దాటిస్తే ఒక గేదె రోగం ఊరందరి గేదెలకీ అంటుతుంది. కాబట్టి మన కన్నే ఆధారం.

పొద్దున ఎద కనపడితే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున సూది వేయించాలి. అండం విడుదలయ్యేది ఎద ముగిసిన పది పన్నెండు గంటల తర్వాత. ముందే వేయించినా, ఆలస్యమైనా వృథా. మన దేశంలో కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరులో మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మనకి సూది సమయానికి అందడం లేదంటే లోపం శాస్త్రంలో లేదు. వీర్యం ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల చలిలో ఉంటుంది. డబ్బాలో నత్రజని తగ్గితే లోపలి వీర్యం పనికిరాదు. బయటికి తీసిన గొట్టాన్ని 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, వెంటనే వేయాలి. వచ్చినాయనకి ఆ నీళ్లు మనమే సిద్ధంగా పెట్టాలి, ఏ జాతి, ఏ నంబరు అని అడిగి రాసుకోవాలి. అడగడం తప్పు కాదు.

సూది వేయించాక ఇరవై ఒకటో రోజు అటూ ఇటూ మళ్లీ కనిపెట్టాలి. ఎద రాలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు, మూగ ఎద వచ్చి పోయి ఉండొచ్చు. రెండున్నర, మూడు నెలలకి చూడి పరీక్ష చేయించాలి. ఈనిన మూడు నెలలకీ ఎద కనపడకపోయినా, మూడుసార్లు సూది వేయించినా పొర్లుతున్నా తప్పనిసరిగా డాక్టరు చెయ్యి పెట్టి చూడాలి. అండాశయం నిద్రలో ఉందా, లేక పని చేస్తున్నా ఎద మనకి కనపడలేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. రెంటికీ మందు ఒకటి కాదు. ఎద తెప్పించే సూదుల్లో ఒక రకం, చూడితో ఉన్న పశువుకి పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది. మందుల షాపులో అడిగి తెచ్చి వేసే పని కాదు.

మనం చేసుకోగలిగింది, మనకి రావాల్సింది

ఇప్పటిదాకా చెప్పినవాటిలో సగం మన చేతిలో ఉన్నవి. మిగతా సగం మన చేతిలో లేవు. పోరంబోకులు, మేత బీళ్లు పోయాయి. కొన్నిచోట్ల ఇళ్ల స్థలాలు, కొన్నిచోట్ల చేపల చెరువులు, రొయ్యల చెరువులు అయ్యాయి. వరి కోత యంత్రం వచ్చాక గడ్డి సగం పొలంలోనే నలిగిపోతోంది, కట్టలు కట్టించాలంటే మళ్లీ ఖర్చు. కౌలు రైతు గట్టు మీద గడ్డి మొక్క నాటాలన్నా భూమి యజమానిని అడగాలి. ఇలాంటి పరిస్థితిలో "శాస్త్రీయంగా మేపండి" అని కరపత్రం పంచితే సరిపోదు. అందుకే సంఘం ఈ కోర్కెలు ముందుకు తెస్తోంది:

ఒకటి. పాడి పశువు వట్టిపోయిన రెండు మూడు నెలలూ దాణా, ఖనిజ లవణ మిశ్రమం అప్పు మీద ఇవ్వాలి. ఈనాక పాల బిల్లులో వాయిదాలుగా కోసుకోవాలి. పాలు పోసినంత కాలం మన మీద లాభం తీసుకున్న డెయిరీలు, సహకారవైనా ప్రైవేటువైనా, ఈ మాత్రం బాధ్యత తీసుకోవాలి.

రెండు. కిసాన్ క్రెడిట్ కార్డుని 2019 నుంచి పాడికి కూడా వర్తింపజేశారు. అద్దె కొట్టంలో మేపుకునే కౌలు రైతులకీ, స్వయం సహాయక సంఘాలకీ అర్హత ఉందని నిబంధనల్లోనే ఉంది. పట్టాదారు పాసు పుస్తకం లేదని బ్యాంకులు తిప్పి పంపకూడదు.

మూడు. పశువైద్యుల, సహాయకుల ఖాళీలు నింపాలి. గేదె ఎద ఆదివారం, పండగ చూసి రాదు. సెలవు రోజుల్లో కూడా సూది వేసే ఏర్పాటు ప్రతి ఊరికీ ఉండాలి. ద్రవ నత్రజని సరఫరా ఆగకూడదు.

నాలుగు. సెప్టెంబరు నుంచి జనవరి వరకు, అంటే గేదెల ఎద కాలంలో, ప్రతి పంచాయతీలో గర్భకోశ వ్యాధుల శిబిరాలు పెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో పెట్టి ఫొటోలు తీసుకుంటే రైతుకి ఒరిగేదేమీ లేదు.

ఐదు. పశువు చచ్చిపోతేనే కాదు, ఇక చూడి కట్టదని డాక్టరు ధ్రువీకరించినా బీమా అందాలి. ఆ ప్రీమియంలో పేద రైతు వాటా ప్రభుత్వం భరించాలి.

ఆరు. మిగిలిన మేత భూములని గుర్తించి, ఆక్రమణలు తొలగించి, భూమి లేని పాడి కుటుంబాల గ్రూపులకి గడ్డి పెంచుకోవడానికి ఇవ్వాలి.

ఉత్త కోర్కెల పత్రంతో అధికారి దగ్గరికి వెళితే "మీ మండలంలో సమస్య ఎంతుందో లెక్క ఉందా?" అంటారు. ఆ లెక్క మనమే తయారు చేద్దాం. వచ్చే నెల సమావేశం లోపు ప్రతి గ్రామ కమిటీ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఇంటింటికీ తిరిగి పశువుకి ఒక వరస రాయాలి: ఈనిన తేదీ, మాయ పడిందా లేదా, మొదటి ఎద తేదీ, సూది వేయించిన తేదీలు, చూడి పరీక్ష ఫలితం. ఇంట్లో క్యాలెండర్ మీద కూడా ఎద వచ్చిన రోజుకి సున్నా చుట్టండి, ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టి ముందే ఇంకో సున్నా చుట్టండి. ఈ పుస్తకం రాసే పని ప్రతి ఊళ్లో ఒక మహిళా సభ్యురాలికి అప్పగించాలని నా సూచన.

ఆ పుస్తకాలన్నీ కలిపితే ఈనిన నాలుగు నెలలు దాటినా కట్టని గేదెలు మండలంలో ఎన్నో తేలుతుంది. వాటిలో ఎన్ని చిక్కిపోయి కట్టలేదు, ఎన్నిటికి మాయ పడక కట్టలేదు, ఎన్నిటికి సూది వేసే మనిషి రాక కట్టలేదు, అదీ తేలుతుంది. అప్పుడు మనం మండల కేంద్రానికి వెళ్లేది అర్జీతో కాదు, లెక్కతో. పేర్లూ తేదీలూ ఉన్న లెక్కని కాదనడం ఎవరికైనా కష్టం.

పుస్తకాలు కమిటీ కార్యదర్శుల దగ్గర ఉన్నాయి, వెళ్లేటప్పుడు ఊరికొకటి తీసుకెళ్లండి.